అంకెలలో దాచిన రంగులు

కుండీలో పెంచి పండుగనాడు దీపాలు వేలాడదీసే ‘క్రిస్మస్ చెట్టు’ను పాఠకులు చాలామంది చూచే వుంటారు. అంతస్తులుగా కొమ్మలు చాచే ఆ చెట్టుకు పుట్టిల్లు ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ మహాసముద్రంలో వున్న నార్ఫోక్ ద్వీపం. వైశాల్యం సుమారు 35 చదరపు కిలోమీటర్లు. చుట్టూ నిటారైన కొండచరియలు. ఓడ నిలవడానికి మంచి రేవైనా లేదు. 1788లో బ్రిటిష్ వారు ఖైదీలను తెచ్చి దించిన ఆ దీవికి 1804లో ఒక చిత్రకారుడు కోరి వెళ్ళాడు. ఆయన పేరు ఫెర్డినాండ్ బావర్.

బావర్ ఆస్ట్రియా దేశస్థుడు. 1801లో మాథ్యూ ఫ్లిండర్స్ నాయకత్వాన ఆస్ట్రేలియా తీరాన్ని కొలవడానికి బయలుదేరిన ‘ఇన్వెస్టిగేటర్’ ఓడలో, వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్‌కు తోడుగా చేరాడు. అప్పటికి ఆయన వయస్సు 41.

ఓడలో చిత్రకారుని పని అంత సుఖమైనదేమీ కాదు. కోసిన పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. పట్టిన చేప చూస్తూండగానే రంగు మారుతుంది. కాగితం చెమ్మగిల్లుతుంది, బల్ల ఊగుతుంది. అందుకని బావర్ ఒక ఉపాయం పాటించాడు. పెన్సిలుతో రూపురేఖలు మాత్రం గీసి, రంగు వుండవలసినచోట అంకె వేసేవాడు. ఆకుపచ్చలోనే ఎన్నో ఛాయలు; ఛాయకొక అంకె. అలా ఆ అంకెలు వేయికి దగ్గరగా వెళ్ళాయి!

1803లో ఓడ ఖండాన్ని చుట్టి సిడ్నీ చేరేసరికి దాని కలప పుచ్చిపోయింది. మరో ఓడ కోసం బయలుదేరిన ఫ్లిండర్స్, దారిలో ఓడ పగిలి, ఆపైన మారిషస్‌లో ఫ్రెంచివారికి చిక్కి 1810 దాకా బందీ అయ్యాడు. ఇక్కడ మిగిలినవారు ఎదురుచూడటం మాని పనిలో పడ్డారు. బ్రౌన్ టాస్మేనియాకూ, బావర్ నార్ఫోక్‌కూ వెళ్ళారు. అక్కడ ఆయన నెలల తరబడి మొక్కలు సేకరించాడు. ఆరు కిలోమీటర్ల దూరాన వున్న ఫిలిప్ దీవి మొక్కలు కూడా అందులో వున్నాయి.

1805లో ఇంగ్లండు చేరేనాటికి ఆయన చిత్తుచిత్రాలు రెండువేలు దాటాయి. ఆ అంకెలు చదువుకుంటూ, ఏనాడో చూచిన పువ్వులకు లండనులో కూర్చుని రంగులు అద్దాడు. స్వయంగా ఫలకాలు చెక్కి, 15 చిత్రాలతో 1813 నాటికి గ్రంథం వెలువరించాడు. యాభై ప్రతులైనా అమ్ముడు పోలేదు. 1814లో వియన్నాకు తిరిగి వెళ్ళి, 1826లో కన్నుమూశాడు.

ఆయన పోయాక, 1833లో ఎండ్లిషర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ సేకరణ ఆధారంగానే నార్ఫోక్ మొక్కలను గూర్చి పుస్తకం వ్రాశాడు. అందులో ఫిలిప్ దీవికే ప్రత్యేకమైన, చిక్కుడు కుటుంబానికి చెందిన ఒక పూలతీగ వున్నది. మనుష్యులు వదలిన పందులు, మేకలు, కుందేళ్ళు ఆ దీవిని మేసి మేసి ఎర్రమట్టి దిబ్బ చేశాయి. 1980 దశకంలో కుందేళ్ళను తొలగించాక దీవి మళ్ళీ చిగిర్చింది. రెండు మూడు పొదలుగా మిగిలిన అక్కడి మందారజాతి కూడా కోలుకున్నది.

ఆ తీగ మాత్రం తిరిగి రాలేదు. బావర్ ఎండబెట్టి తెచ్చిన రెమ్మల వంటివాటిలో దాని ఆనవాలు వెదుక్కోవాలి.