బాతిక్ గుడ్డలమ్మి కొన్న ఇసుక నేల

చెన్నైలో తిరువాన్మియూరు దాటి మహాబలిపురం వైపు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వెళ్తుంటే ఇంజంబాక్కం వస్తుంది. చోళమండలం కళాకారుల గ్రామం అక్కడే. గ్రామమన్నారు కదా అని పొలాలూ రచ్చబండా ఊహించుకుంటే మాత్రం నిరాశే. గేటు దాటగానే చెట్ల కింద రాతి శిల్పాలూ లోహ శిల్పాలూ ఎండకూ వానకూ ఓర్చుకుని నిలబడి ఉంటాయి. ఒక మ్యూజియం, ఒక కేఫ్, అద్దెకిచ్చే రెండు చిన్న గ్యాలరీలు ఉన్నాయి. వాటి పేర్లు లాబర్నం, ఇండిగో. ఆ వెనక చిత్రకారుల ఇళ్లు.

నేను వెళ్లిన రోజు ఒక గ్యాలరీలో ఇంకా బొమ్మలు తగిలిస్తున్నారు. ప్రదర్శన నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఓ యువ చిత్రకారుడిది. సాయానికి ఇద్దరు స్నేహితులు. గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి, ప్రతి బొమ్మ నడిమధ్య భాగం చూసేవాడి కంటి ఎత్తులో పడేలా కొలుస్తున్నారు. ఒకడి చేతిలో తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం. "రేయ్, ఎడంపక్క ఇంకొంచెం దించు... ఆ, చాలు." పూర్తయిన ప్రదర్శన చూడటం కన్నా దాన్ని నిలబెట్టే పని చూడటమే నాకు ఎక్కువ ఇష్టం. ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలన్న తగాదాలోనే చిత్రకారుడి మనసు బయటపడుతుంది. ఇక్కడా పడింది. అందరికీ నచ్చిన చెరువు బొమ్మను వాకిలి ఎదురుగా పెడదామని స్నేహితులంటే, అతను దాన్ని తీసుకెళ్లి మూలకు తగిలించాడు.

ఇలాంటి గ్యాలరీ ఒకటి చిత్రకారుల చేతుల్లోనే ఉండటానికి కారణమైన మనిషి కె.సి.ఎస్. పణిక్కర్. 1911లో కోయంబత్తూరులో పుట్టాడు. మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకుని, 1957లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆయన్ని తొలిచిన ప్రశ్న చాలా మామూలుది: ఈ పిల్లలు చదువు ముగించాక ఏం తిని బతుకుతారు? బడిలో డ్రాయింగు మాస్టారు కొలువు, చేనేత సేవా కేంద్రంలో డిజైను పని, కాదంటే మద్రాసు నిండా వెలసిన సినిమా బ్యానర్లు. ఏది పట్టుకున్నా సొంత బొమ్మ వేసే సరికి రాత్రవుతుంది. ఆధునిక చిత్రాలు కొనేవాళ్లు అప్పటి మద్రాసులో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

పణిక్కర్‌కు తోచిన దారి బాతిక్. వేడి మైనంతో గుడ్డ మీద గీత గీసి, రంగులో ముంచి, మైనం కరిగించి తీస్తే మైనం తగిలినంత మేరా పాత రంగే మిగులుతుంది. గీత మీద పట్టున్నవాడికి అది పెద్ద కష్టం కాదు. తోలు పని, లోహపు పని, కొయ్య పని కూడా చేపట్టారు. 1960ల మొదట్లో గురువూ శిష్యులూ కలిసి చేతిపనుల సంఘం పెట్టుకున్నారు. తయారుచేసినవి ప్రదర్శించి అమ్మారు. వచ్చిన డబ్బు కూడబెట్టి 1966లో ఇంజంబాక్కంలో సుమారు 10 ఎకరాల ఇసుక నేల కొన్నారు. ముప్పై నలభై మంది చిత్రకారులూ శిల్పులూ అందులో పాలుపంచుకున్నారు. ఇప్పుడు కార్లు బారులు తీరే ఈ రోడ్డు అప్పటికి లేదు. సర్వి తోపులు, తాటాకు పాకలు, సముద్రపు గాలి. రోజులో కొంత సేపు చేతిపని, మిగతా పొద్దంతా సొంత బొమ్మ.

కళాశాల మెట్ల మీద చేతిపనిది కింది మెట్టు, చిత్రకళది పైమెట్టు అంటారు. ఇక్కడ కింది మెట్టే పైదాన్ని మోసింది. ఎవరి దయమీదా ఆధారపడకుండా నైరూప్య చిత్రాలు వేసుకునే ధైర్యం పణిక్కర్ శిష్యులకు సిద్ధాంతాల నుంచి వచ్చిందో లేదో గానీ, అమ్ముడుపోయిన గుడ్డల నుంచి మాత్రం కచ్చితంగా వచ్చింది. ఆయనా శిష్యులూ నడిపిన మద్రాసు కళా ఉద్యమం గురించి మాట్లాడేటప్పుడు ఈ గుడ్డలకు ఇంతకన్నా ఎక్కువ చోటు దక్కాలి.

ఆ ఉద్యమం చిత్రాలే మ్యూజియం నిండా. చోళమండలం సమకాలీన కళా కేంద్రం పేరుతో ఇది 2009లో తెరుచుకుంది. దీని వెనక ఎక్కువ శ్రమ పణిక్కర్ కొడుకు, శిల్పి నందగోపాల్‌ది. రాగి, ఇత్తడి అతికి చేసిన ఆయన శిల్పాలు చాలావరకు ఎదుటి నుంచి చూడవలసినవి, గుడిలో ఉత్సవ మూర్తిని చూసినట్టు. 2017లో ఆయన పోయాడు. జానకిరామ్ రాగి రేకును కొట్టి మలిచిన బొమ్మల్లోనూ దేవుడి కవచం చేసే కంచర్ల పనితనం కనిపిస్తుంది. ఇక పణిక్కర్ 1963 నుంచి వేసిన 'పదాలూ సంకేతాలూ' వరస ముందు కాస్త ఆగాలి. దూరం నుంచి ఎవరిదో జాతక చక్రమనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే మలయాళ లిపిలాంటి రాత. కూడబలుక్కుని చదవబోతే ఒక్క మాటా పలకదు. చదవడానికి కాదు, చూడటానికే రాసిన రాత అది.

చిత్రకారుడు రామానుజం మరో లోకం. మనసు జబ్బుతో సతమతమైన ఈ కుర్రాణ్ని పణిక్కర్ చేరదీశాడు. సిరా గీతలతో అతను మేడలు కట్టాడు, పాములు పెంచాడు, అప్సరసల్ని ఊరేగించాడు. వాళ్ల నడుమ టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు దర్జాగా కనిపిస్తాడు. అది తనే. బయట దొరకని మర్యాదంతా కాగితం మీద తనకు తానే చేసుకున్నాడు. 1973లో, ముప్పైల మొదట్లోనే, చోళమండలంలోనే ప్రాణం తీసుకున్నాడు.

తెలుగువాళ్లలో ఈ ఉద్యమంలో చెప్పుకోదగ్గ వాటా ఎం. రెడ్డప్ప నాయుడిది. 1932లో ఆంధ్రలో పుట్టి, మద్రాసులో పణిక్కర్ దగ్గర చదివాడు. దేవతల్ని పటాల్లోని నునుపు తీసేసి గీతలుగా, ముద్దలుగా మార్చి వేసిన వరసతో పేరు తెచ్చుకున్నాడు. మన దగ్గర ఎంతమందికి తెలుసు? రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరిట గ్యాలరీ ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో వెళ్లిపోయిన చిత్రకారుడి పనిని అక్కడ దాచుకున్నారు, మంచిదే. కానీ పోయినవాళ్ల బొమ్మలు ఒక పక్కన, నిన్న మొన్న వేసిన బొమ్మలు ఇంకో పక్కన ఉండటం చోళమండలం ప్రత్యేకత.

అలాగని ఇదేదో స్వర్గమనుకోనక్కరలేదు. చేతిపనుల మీద ఊరు నడిచే రోజులు పోయాయి. తొలి తరంలో అక్కితం నారాయణన్, విశ్వనాథన్ పారిస్ వెళ్లిపోయారు. వాసుదేవ్ తర్వాత బెంగళూరు చేరాడు. తండ్రి చిత్రకారుడైతే పిల్లలూ కావాలని లేదు. చుట్టూ రిసార్టులూ విల్లాలూ లేచాయి. ఈ నేలనే ఇప్పుడు కొనాలంటే ఎన్ని బాతిక్ గుడ్డలు అమ్మాలో లెక్కవేయడం కూడా దండగ. వచ్చేవాళ్లలో సగం మంది మహాబలిపురం పోతూ కాఫీకి ఆగినవాళ్లేమో అనిపించింది. అయినా ఆ దారిన పోయేవాళ్లే గ్యాలరీకి బలం. దీపం వెలిగించడానికి పిలిచే ముఖ్య అతిథుల కన్నా, పిల్లాడు చెయ్యి పట్టి లాగితే లోపలికొచ్చే తల్లే ఎక్కువసేపు నిలబడి చూస్తుంది.

సాయంత్రానికి బొమ్మలన్నీ గోడకెక్కాయి. ధరల పట్టిక ఇంకా అంటించలేదు. అమ్ముడుపోతే పెట్టే ఎర్ర చుక్కల పొట్లం మాత్రం బల్ల మీద సిద్ధంగా ఉంది.

"రెండు పోతే అద్దె, వ్యాను కిరాయి వచ్చేస్తాయి సార్. మూడోదాంతో రంగులు కొనుక్కోవచ్చు" అన్నాడతను.

ముందు మీ ఊరివాళ్లకు చూపించకుండా ఇంత దూరం ఎందుకొచ్చారని అడిగాను.

"మా వైపు అడక్కుండా ఉంటానా అండీ? కల్యాణమండపం ఇస్తామన్నారు. గోడకి మేకు మాత్రం కొట్టకూడదన్నారు."