సున్నా వేరు, లేదు వేరు

ఫస్టియర్ మొత్తం సీ ప్రోగ్రాముల్లో పాయింటర్‌ని ఖాళీగా ఉంచాలంటే నేను సున్నా కొట్టేవాణ్ణి. క్యాపిటల్స్‌లో నల్ అని కొట్టడానికి బద్ధకం. పైగా అది తప్పేం కాదు. పాయింటర్ ఉండాల్సిన చోట సున్నా రాస్తే నల్ పాయింటర్‌గా తీసుకోవాలని సీ స్టాండర్డే చెప్తుంది. ల్యాబ్‌లో ఒక సీనియర్ అన్న చూసి "ఆ అలవాటు మార్చుకోరా" అంటే, "నడుస్తోంది కదన్నా" అనేవాణ్ణి.

సెకండియర్‌లో నడవడం ఆగింది. ఎన్ని పదాలిచ్చినా కలిపి ఒకే వాక్యం చేసే ఫంక్షన్ రాశాను. ఎన్ని ఆర్గ్యుమెంట్లు వస్తాయో ముందే తెలీదు కాబట్టి, చివర్లో నల్ పాయింటర్ కనిపించగానే ఆగాలి. అలవాటుగా చివర సున్నా పెట్టా. నా లాప్‌టాప్‌లో బాగానే వచ్చింది. ప్రాజెక్ట్ పార్ట్‌నర్ లాప్‌టాప్‌లో, వేరే కంపైలర్‌తో, పదాలు ఎక్కువైతే చాలు సెగ్మెంటేషన్ ఫాల్ట్.

రాత్రి రెండింటి దాకా కూర్చుంటే విషయం తెలిసింది. అలాంటి ఫంక్షన్‌కి ఆ చోట పాయింటర్ రావాలని కంపైలర్‌కి తెలీదు. అందుకే నా సున్నాని మామూలు ఇంట్‌గా పంపేసింది. మా మెషీన్లలో ఇంట్ 4 బైట్లు, పాయింటర్ 8. సగం నా సున్నా, మిగతా సగం అంతకుముందు అక్కడ ఏ చెత్త ఉంటే అది. ఫంక్షన్ ఆ రెండూ కలిపి ఏదో అడ్రస్ అనుకుని వెళ్లిపోయింది.

నల్ అని రాస్తే అయిపోతుందా అంటే, పూర్తిగా కాదు. ఆ పేరు వెనక ఉత్త సున్నా ఉన్నా స్టాండర్డ్ ఒప్పుకుంటుంది. లినక్స్‌లో మాత్రం దాన్ని వాయిడ్ స్టార్‌గా మార్చి ఇస్తారు. అందుకే ఇలాంటి ఫంక్షన్లకి నేనిప్పుడు చార్ స్టార్ అని కాస్ట్ చేసి మరీ పంపుతున్నా. సీ23లో నల్‌పీటీఆర్ వచ్చింది, దానికి సొంత టైపే ఉంది, ఈ గొడవ లేదు. మన ల్యాబ్ కంపైలర్లకి అది ఎప్పుడొస్తుందో!

నల్ రిఫరెన్స్‌ని 1965లో ఆల్గాల్ డబ్ల్యూ కోసం పెట్టింది టోనీ హోర్. 2009లో ఆయనే దాన్ని తన బిలియన్ డాలర్ల తప్పు అన్నాడు. ఏ రిఫరెన్స్ అయినా నల్ కావచ్చు, చెక్ చేయమని ఎవరూ బలవంతపెట్టరు, ఆయన బాధ అదీ. నిజమే. కానీ "ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పడానికి ఒక మాటంటూ ఉండాలి కదా. లేకపోతే జనం సున్నాలు కొడతారు. నేను కొట్టాను, పది.

నాన్న నా ఇంటర్ సెకండియర్‌లో పోయారు. ఇక్కడ జాయినయ్యేటప్పుడు కాగితం ఫారంలో అమ్మ ఆయన పేరు ముందు "కీ.శే." అని రాసింది, ఫోన్ నంబర్ దగ్గర చిన్న గీత పెట్టింది. అంతే, చదివినవాళ్లకి అర్థమైపోతుంది. ఆన్‌లైన్ ఫారం అలా కాదు. తండ్రి మొబైల్ నంబర్ ఖాళీగా వదిలితే ఎర్రగా మెరిసింది. గీత పెడితే ఒప్పుకోలేదు. పది సున్నాలు కొడితే పచ్చగా టిక్ పెట్టింది.

అటెండెన్స్ తగ్గినప్పుడు ఆఫీసుకి పిలిచారు. "మీ నాన్నగారి నంబర్ కలవట్లేదు. మెసేజ్‌లు వెళ్లకూడదని తప్పు నంబర్ ఇచ్చావా?" లైన్లో నా వెనక పదిమంది ఉన్నారు. "లేరు సార్" అన్నాను. "ఊళ్లో లేరా?" అన్నారు. ఆయన్ని అని లాభం లేదు. ఆయన స్క్రీన్ మీద నాన్నకో నంబర్ ఉంది మరి.

ఆ రాత్రే, సెగ్మెంటేషన్ ఫాల్ట్ దొరికిన తర్వాత, పాత ఫైళ్లన్నీ తెరిచి పాయింటర్ల దగ్గరున్న సున్నాలన్నీ నల్‌గా మార్చాను. లెక్కకి సున్నా, స్ట్రింగ్ చివర బ్యాక్‌స్లాష్ సున్నా, పాయింటర్‌కి నల్. కంపైలర్‌కి చాలాచోట్ల తేడా ఉండదు. రేపు ఆ కోడ్ చదివేవాడికి ఉంటుంది.

ఆఫీసులో ఆ కాలమ్ ఖాళీ చేయడం కుదరదన్నారు, అందులోనూ అమ్మ నంబరే వేశారు. ఇప్పుడు నేనొక రోజు క్లాసు ఎగ్గొడితే అమ్మకి రెండు మెసేజ్‌లు వెళ్తాయి. సాయంత్రం ఫోన్ చేసి, "ఏరా, రెండు రోజులు వెళ్లలేదా?" అంటుంది.