క్లీనరు కూర్చునే చోటు

లారీ నడపడం నేర్చుకోవడానికి తెలుగునాట చాలాకాలంగా రెండు బడులు ఉంటూ వచ్చాయి. మొదటిది చట్టం గుర్తించిన డ్రైవింగ్ స్కూలు. దానికి రిజిస్టరు, గంటల లెక్క, చివర ఒక సర్టిఫికెట్టు ఉంటాయి. రెండవది లారీ క్యాబిన్‌లో ఎడమ తలుపు పక్కన క్లీనరు కూర్చునే చోటు; దానికి ఇవేవీ లేవు, అయినా రోడ్ల మీది డ్రైవర్లలో ఎక్కువమందిని తయారుచేసింది అదే. విజయవాడ తూర్పు అంచున, పటమట దాటాక బందరు రోడ్డును ఆనుకొని ఉన్న జవహర్ ఆటోనగర్‌లో, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పగలంతా జరిపిన పర్యటనలో, ఈ రెండవ బడి మూతపడుతున్న తీరూ, దాని పని మొదటిది అందుకోలేకపోతున్న తీరూ పక్కపక్కనే కనిపించాయి.

ఆటోనగర్ అంటే మోటారు బండ్లకు సంబంధించిన చేతిపనులన్నీ ఒకే చోట చేరిన పారిశ్రామికవాడ. ఈ పేరుతో గుంటూరులో, విశాఖలో, హైదరాబాదులో కూడా వాడలున్నాయి గాని, 1960వ దశకంలో మొదలైన విజయవాడ ఆటోనగర్ వాటిలో పెద్దది. ఆసియాలోనే పెద్దదని ఇక్కడి వారు చెప్పుకుంటారు. ఆ మాటను కొలిచి చూడకపోయినా నష్టం లేదు, ఎందుకంటే దీని ప్రాముఖ్యం విస్తీర్ణంలో కంటే ఉన్న చోటులో ఉంది. చెన్నై నుంచి కలకత్తాకు పోయే 16వ జాతీయ రహదారి, హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే 65వ జాతీయ రహదారి కలిసేది ఈ ఊళ్ళోనే కనుక, నాలుగు దిక్కుల బండ్లూ ఏదో ఒక మరమ్మతుకు ఇక్కడ ఆగుతాయి, ఆగిన బండితోపాటు దాని మనుషులూ ఆగుతారు.

ఉదయం ఎనిమిది గంటలకు కమాన్ల షాపుల వరుసలో పని మొదలవుతుంది. కమాను అంటే బండి బరువును ఇరుసు మీద మోసే, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. గతుకుల్లో దానిలో ఒక పట్టీ విరిగితే బండి ఒక పక్కకు ఒరుగుతుంది. పట్టీలు విప్పి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో వంపు తిప్పి మళ్ళీ బిగించే ఈ పని సాగుతున్నంతసేపూ పూర్వం క్లీనరు కుర్రాడు పానాలు అందిస్తూ పక్కనే నిలబడేవాడు, ఏ శబ్దం ఏ పట్టీది, ఎంత బరువుకు ఎంత వంగింది అన్నది అక్కడే ఒంటబట్టేది. టైర్ల షాపుల్లో కూడా అంతే: అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర అతికించే పనిని ఇక్కడ రీబటన్ అంటారు, రీబటన్ టైరును ముందు చక్రాలకు వేయకూడదని, జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి వేగానికి ఊడి వెనక వచ్చే బండి అద్దాన్ని పగలగొట్టగలదని, అందువల్ల ఆగిన ప్రతిసారీ బండి చుట్టూ తిరిగి ఇనుప కడ్డీతో టైర్లను కొట్టి మోత వినాలని క్లీనరుకు మొదటి నెలలోనే తెలిసేది. గాలి తగ్గిన టైరు మెత్తగా పలుకుతుంది, నిండుగా ఉన్నది ఖంగుమంటుంది. ఈ తేడాను పుస్తకంలో రాయవచ్చు గాని పుస్తకం చదివి వినలేరు.

క్లీనరు అన్న మాటకు బండి తుడిచేవాడు అన్న అర్థం ఎప్పుడో వెనకబడిపోయింది. రాత్రి సరుకుకు కావలి, దారిలో వంట, లోడు మీద బరకం కప్పి తాళ్ళు బిగించడం, వెనక్కి తీసేటప్పుడు దిగి "రానీ, రానీ" అంటూ చెయ్యి ఊపడం, డ్రైవరు కళ్ళు మూతలు పడుతున్నప్పుడు ఏదో ఒకటి మాట్లాడుతూ మేలుకొలిపి ఉంచడం, ఇవన్నీ అతని పనులే. డ్రైవరును అన్నా అని, వయసు మళ్ళినవాడైతే బాబాయ్ అని, పరోక్షంలో గురువుగారని పిలిచేవాడు. రెండు మూడేళ్ళు గడిచాక, లోడు దించిన ఖాళీ బండిని తెల్లవారుజామున రద్దీలేని రోడ్డు మీద కొంతదూరం అతని చేతికి ఇవ్వడం, తరువాత ఖాళీ బండి పూర్తిగా అతనిదే కావడం, ఆ తరువాత లోడు బండి, చివరికి ఘాట్ రోడ్డు: ఇదే క్రమం. ఇందులో చట్టవిరుద్ధం కాని మెట్టు ఒకటి కూడా లేదని, లైసెన్సు లేని కుర్రాడి చేతికి స్టీరింగు ఇవ్వడం అప్పుడూ ఇప్పుడూ నేరమేనని గుర్తుంచుకోవాలి. అంతేకాదు, ఆ కుర్రాళ్ళలో పలువురు బడి వయసు దాటనివాళ్ళు. తిండి, బత్తా తప్ప జీతం ఎరగనివాళ్ళు. గురువుగారి చేతి దెబ్బలు తిన్నవాళ్ళు. బత్తా అంటే దారి ఖర్చులకు రోజువారీగా ఇచ్చే సొమ్ము. పాత పద్ధతిని తలచుకొని మురిసిపోయేవారు ఈ భాగాన్ని సాధారణంగా దాటవేస్తారు.

ఆ పద్ధతి నేర్పిన వాటిలో అన్నిటికన్నా విలువైనది సరుకు స్వభావం. గుంటూరు యార్డులో ఎత్తే మిర్చి టిక్కీలు, అంటే బిగించి కుట్టిన మిరపకాయల బస్తాలు, బరువుకు మించి చోటు ఆక్రమిస్తాయి కనుక లోడు ఎత్తుగా లేచి మలుపుల్లో ఊగుతుంది. చీమకుర్తి గ్రానైటు దిమ్మె చూడటానికి బండిలో సగం కూడా ఉండదు గాని, గొలుసు వదులైతే బ్రేకు వేసినప్పుడు బండి ఆగినా దిమ్మె ఆగదు. కొల్లేటి పరిసరాల నుంచి ఐసులో పేర్చి హౌరాకు పంపే చేపల లోడుకు ఊగడం కన్నా ఆలస్యం ప్రమాదం, ఎందుకంటే ఐసు కరిగేలోగా సుమారు 1,200 కిలోమీటర్లు దాటాలి. జగ్గయ్యపేట వైపు సిమెంటుకు వాన శత్రువు, నూజివీడు మామిడికి ఎండ శత్రువు. ఒకే స్టీరింగు, ఒకే గేరు రాడ్డు అయినా, వెనక ఉన్న సరుకును బట్టి అది వేరే బండి అవుతుందన్న తెలివిడి లైసెన్సు పరీక్షలో ఎక్కడా అడగరు.

చట్టం చెప్పే దారి స్పష్టంగానే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారుకు 18 ఏళ్ళు చాలు గాని, ట్రాన్స్‌పోర్టు వాహనానికి, అంటే సరుకునో, కిరాయికి ప్రయాణికులనో మోసే బండికి, 20 ఏళ్ళు నిండాలి. అదీగాక తేలికపాటి బండి లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది గడవాలి. బండి సొంత బరువు, సరుకు బరువు కలిపిన మొత్తం 12,000 కిలోలు దాటితే దాన్ని భారీ సరుకు వాహనం అంటారు. 1989 కేంద్ర నిబంధనల ప్రకారం భారీ వాహన శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగు పట్టి నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదు. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును 2019లో తొలగించారు. కేవలం ఆ కారణంగా క్లీనర్లుగానే మిగిలిపోయినవారికి ఇది మేలే అయింది. ఇప్పుడు ఈ లైసెన్సును అయిదేళ్ళకొకసారి, పెట్రోలు, గ్యాసు వంటి ప్రమాదకర సరుకులు మోయడానికి అనుమతి ఉంటే మూడేళ్ళకొకసారి, పునశ్చరణ శిక్షణతో సహా పునరుద్ధరించుకోవాలి. 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతిలో మధ్యతరహా, భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటల పాఠ్యక్రమం ఉంది. అక్కడ ఉత్తీర్ణులైనవారికి రవాణా కార్యాలయంలో మళ్ళీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు.

ఆటోనగర్‌కు కొంత దూరంలో, ఒక ఖాళీ స్థలంలో సాగే శిక్షణ ఈ అంకెలను కళ్ళకు కడుతుంది. బండి పాతది, బోధకుడి వైపు కూడా క్లచ్చి, బ్రేకు ఉన్నాయి. నేర్చుకునే ఆరుగురిలో నలుగురు ఇప్పటికే ట్రాక్టరో, చిన్న ట్రాలీ బండో నడుపుతున్నవారు, ఒకరు గల్ఫ్‌లో డ్రైవరు పనికి వెళ్ళాలనుకుంటున్నవారు, మరొకరు ఆర్టీసీ ఉద్యోగం వైపు చూస్తున్నవారు. లారీ మీదే జీవితం గడపాలనుకుంటున్నవారు ఎందరన్న ప్రశ్నకు అక్కడ నవ్వులే సమాధానం. బండి ఖాళీగా ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, సమయం పగలు. హౌరా చేపల బండి గంటకు సగటున 50 కిలోమీటర్లు నడిచిందనుకున్నా ఒక్క ప్రయాణానికి 24 గంటల స్టీరింగు అవుతుంది. శిక్షణలో చట్టం కోరిన కనీస గంటల కంటే అది ఎక్కువ, అందులోనూ చాలాభాగం రాత్రి, నిండు లోడుతో. బోధకుల్లో లోపం ఉందని దీనికి అర్థం కాదు. స్కూలు బాధ్యత లైసెన్సుతో ముగుస్తుంది. యజమాని దృష్టిలో డ్రైవరు అంటే రాత్రి లోడును ఒంటరిగా దాటించగలవాడు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని ఇంతకాలం దాటించింది ఎడమ వైపు సీటు.

ఆ సీటు ఎందుకు ఖాళీ అయిందన్నది ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు, చెప్పే కారణాలు మాత్రం వేరువేరుగా ఉంటాయి. ట్యూబులేని రేడియల్ టైర్లు వచ్చి పంచర్లు తగ్గాయి, పవర్ స్టీరింగు వచ్చి ఒళ్ళు అలిసే పని తగ్గింది. 2017 జూలైలో జీఎస్టీతో రాష్ట్ర సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు, మరుసటి ఏడాది ఈ-వే బిల్లు వచ్చింది, 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరైంది. కాగితాలు పట్టుకొని కౌంటర్ల చుట్టూ పరుగెత్తే మనిషి అవసరం దానితో దాదాపు తీరిపోయింది. ఇవన్నీ నిజమే గాని, అసలు కారణం డబ్బు. డీజిలు, టోలు, టైర్లు, ఫైనాన్సు కిస్తీ పోను కిరాయిలో మిగిలేది సన్నగిల్లినప్పుడు యజమాని ముందుగా కోసేది రెండో మనిషి బత్తానే. ఒక తరం డ్రైవర్ల చదువు ఖర్చు ఆ బత్తాలో దాగి ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు. డ్రైవర్లు దొరకడం లేదని, బండ్లు షెడ్డుల్లో నిలిచిపోతున్నాయని ఇప్పుడు వాపోతున్నది కూడా ఆ యజమానులే.

పని గంటల విషయం మరీ విచిత్రం. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న కొలత పెట్టింది. అయితే అది వర్తించింది అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు. ఆ గంటల కొలతే ప్రతి రవాణా వాహన డ్రైవరుకూ వర్తిస్తుందని 1988 చట్టం మరోచోట చెప్పినా, ఒకటి రెండు లారీల యజమాని దగ్గర హాజరు పుస్తకం అంటూ ఉండదు గనుక లెక్క చూసేవారూ ఉండరు. దేశంలో లారీ రవాణా చాలావరకు ఇటువంటి చిన్న యజమానుల చేతుల్లోనే ఉంది. జీతం బదులు ట్రిప్పుకింత అని మాట్లాడుకోవడం, దూరాన్ని బట్టి డీజిలు కొలిచి ఇచ్చి మిగిల్చుకున్నది డ్రైవరుకే వదిలేయడం ఇక్కడ మామూలు ఏర్పాట్లు. రెండింటిలోనూ నిద్ర డ్రైవరు సొంత ఖర్చు కిందికే వస్తుంది. సొంత బండి కొనడమే ఈ వృత్తిలో పైమెట్టని చాలామంది భావిస్తారు గాని, కిస్తీలు తప్పి బండిని ఫైనాన్సు వారికి అప్పగించి, మళ్ళీ మరొకరి బండి స్టీరింగు పట్టినవారు ఈ వీధుల్లో అరుదు కాదు.

మధ్యాహ్నం బాడీ షెడ్డుల వైపు హడావిడి తక్కువగా కనిపించింది. ఒకప్పుడు హోసూరు నుంచో జంషెడ్‌పూర్ నుంచో క్యాబిన్ కూడా లేని చాసిస్, అంటే ఇంజను, చట్రం, చక్రాలు మాత్రమే ఉన్న బండి, ఇక్కడికి వచ్చేది. తలకు తువ్వాలు చుట్టుకొని, ఎండకూ వానకూ ఎదురుగా చెక్క పలక మీద కూర్చొని దాన్ని తెచ్చే చాసిస్ డ్రైవర్లు వృత్తిలో ఒక ప్రత్యేక శాఖ. కలపతో క్యాబిన్ కట్టి, డ్రైవరుకు పడక అమర్చి, నుదుటన దేవుడి పేరు రాసి పంపేవారు. ఇప్పుడు కంపెనీయే క్యాబిన్‌తో బండి ఇవ్వడం పెరిగింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. మే నెలలో ఇంజను వేడి, ఎండ వేడి కలిసిన క్యాబిన్‌లో కూర్చున్నవారికి ఇది సౌకర్యం కాదు, అవసరం. బాడీ పనివాళ్ళు మాత్రం తమ చేతిలోంచి జారిన పనిని చూసుకొని ఇంకోలా మాట్లాడతారు, వారి బాధా అబద్ధం కాదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లతో మరొక మార్పు జరిగింది. పొగలోని విషవాయువులను తగ్గించడానికి వీటిలో చాలావాటికి డీజిలుతోపాటు యూరియా ద్రావణం పోయాలి, అది అయిపోతే ఇంజను తనంతట తానే బలం తగ్గించుకుంటుంది, కారణం చెప్పేది డాష్‌బోర్డు మీది ఒక దీపం. పాత డ్రైవరు ఇంజను మోతను బట్టి రోగం పట్టేవాడు, ఇంజను బోరుకొచ్చిందో లేదో, అంటే సిలిండర్లు అరిగిపోయాయో లేదో, చెవితో తేల్చేవాడు. కొత్త డ్రైవరుకు దీపాల భాష రావాలి, లేదా దారి పక్కన నిలబడి కంపెనీ సర్వీసు మనిషి కోసం ఎదురుచూడాలి. నేర్చుకోవలసినది తగ్గలేదు, మారిందంతే.

సాయంత్రం ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల వీధిలో, మరుసటి ఉదయానికి ఒడిశా చేరవలసిన ఒక పన్నెండు టైర్ల బండి బయలుదేరడానికి సిద్ధమైంది. కాటా చీటీ జేబులో పెట్టుకొని డ్రైవరు కుడివైపు తాళ్ళు బిగించి, బండి చుట్టూ తిరిగి ఎడమవైపు ముడి వేసి, వదులుగా తోచి మళ్ళీ కుడివైపుకు వచ్చాడు. తరువాత కడ్డీ తీసి పన్నెండు టైర్లనూ వరుసగా కొట్టి విన్నాడు. ఎడమ సీటు మీద మడత దుప్పటి, నీళ్ళ క్యాను, గ్యాసు స్టవ్వు, ఉల్లిపాయల సంచి సర్ది ఉన్నాయి. వీధి ఇరుకు కావడంతో బండిని వెనక్కి తీయక తప్పలేదు. ఎదుటి గోదాము కాపలాదారు కుర్చీలోంచి లేచి, టీ గ్లాసు గోడ మీద పెట్టి, బండి వెనక్కి నడిచి, చెయ్యెత్తి రానీ అన్నాడు.