రెండు తాళాలు, రెండు చావీలు

చెరుకుపల్లిలో ఉండే మా ఖాలాకి అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్. కొడుకు పేరు, వాడు పుట్టిన సంవత్సరం. కువైట్ నుంచి వాడు పంపే పైసలు చూసుకునే యాప్‌కీ అదే, గ్యాస్ బుకింగ్‌కీ అదే. "యాద్ ఉండాలి కదా బేటీ" అంటుంది. ఆమె మాట ఆమెది. నా ఫికర్ అంతా, అవతల కంపెనీ సర్వర్‌లో ఆ అమానత్‌కి హిఫాజత్ ఏంటని.

పద్ధతైన కంపెనీ పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచదు. పిండి పట్టించి ఆ పిండిని దాస్తుంది. పిండిని మళ్లీ గింజలు చేయలేం, నిజమే. కానీ చోర్ ఆ జాబితా మొత్తం ఎత్తుకుపోయి, తోచిన పేర్లన్నీ తనే పిండి పట్టి పోల్చి చూసుకుంటాడు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి దాదాపు 65 లక్షల పాస్‌వర్డ్‌ల పిండి ఇలాగే బయటపడింది. కొడుకు పేరు దొరకడానికి ఎంతసేపు?

మస్జిద్ చందా పెట్టెకి రెండు తాళాలు వేసి, ఒక చావీ ముతవల్లీ దగ్గర, ఇంకోటి ఖజాంచీ దగ్గర ఉంచుతారు. ఎవరి ఈమాన్ మీదా షక్ కాదు. ఓటింగ్ మిషన్లు పెట్టే స్ట్రాంగ్ రూమ్‌కీ డబుల్ లాకే. రహస్యాన్ని ముక్కలు చేసి పంచే లెక్క ఆది షమీర్ 1979లోనే రాశాడు. 2012లో ఆర్‌ఎస్‌ఏ కంపెనీ పాస్‌వర్డ్‌ని రెండు సర్వర్లకి పంచే ఏర్పాటు తెచ్చింది.

లెక్క ఇంచుమించు ఇలా ఉంటుంది. పాస్‌వర్డ్ 7 అనుకోండి. తోచిన అంకె 5 తీసుకుని మొదటి సర్వర్‌లో 5, రెండోదాంట్లో 12 దాస్తారు. ఏ ఒక్కటి దొరికినా 7 సంగతి తెలీదు. ఖాలా లాగిన్ అయినప్పుడు ఫోన్ కూడా ఆమె కొట్టిన 7ని ఇంకో అంకెతో, 3తో అనుకోండి, విడగొట్టి మొదటిదానికి 3, రెండోదానికి 10 పంపుతుంది. 5లో 3 పోతే 2, 12లో 10 పోతే 2. రెండూ కలిశాయి, తలుపు తెరుచుకుంది. 7ని ఏ సర్వరూ చూడలేదు! నాకైతే సుబహానల్లాహ్ అనిపించింది.

అప్పుడప్పుడు రెండు వైపులా ఒకే అంకె కలిపేస్తారు. 4 కలిపితే 9, 16. పోయిన నెల దొంగిలించిన 5, ఈ నెల దొంగిలించిన 16తో అతకదు.

కాకపోతే రెండు సర్వర్లూ ఒకే మనిషి చేతిలో పెడితే ఇదంతా బేకార్. రెండు చావీలూ ఖజాంచీ షేర్వానీ జేబులోనే ఉన్నట్టు. మీ పిల్లలెవరైనా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ నౌకరీలో ఉంటే అడిగి చూడండి, వాళ్ల కంపెనీలో రెండో చావీ ఎవరి దగ్గరుందో.