తిమ్మప్ప

తిమ్మప్ప అన్న పేరు వినగానే నగరవాసి పెదవిపై ఓ చిరునవ్వు మెరుస్తుంది. కోతిని తిమ్మడంటాం. కన్నడంలో మంకుతిమ్మడంటే మందమతి. మరి అదే పేరుతో నడిగడ్డలోని మల్దకల్‌లో స్వామి కొలువై ఉన్నాడే! ఈ చిక్కుముడి ఎక్కడ పడింది?

ముడి విప్పితే తిరుమల కనిపిస్తుంది. 'తిరు' అంటే మన 'శ్రీ'. 'మల' అంటే కొండ. మా వైపు తిరుమలయ్యను 'తిర్మలయ్య' అనే పిలుస్తారు. నోట్లో మరి కాస్త నలిగితే రేఫ కరిగి, మకారం ద్విత్వమై, 'తిమ్మ' మిగులుతుంది. దానికి తండ్రి అనే 'అప్ప' చేరితే తిమ్మప్ప. కన్నడిగులకు నేటికీ వేంకటేశ్వరుడు తిరుపతి తిమ్మప్పే. కృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసు, పారిజాతాపహరణ కర్త నంది తిమ్మన, అన్నమయ్య ఇల్లాలు తాళ్ళపాక తిమ్మక్క, అందరూ ఆ కొండ నీడన పేరు పొందినవారే.

ఊరి పేరులోనూ ఇలాంటి కథే ఉంది. కన్నడంలో 'మొదలు' అంటే ఆది, 'కల్లు' అంటే రాయి. మొదలకల్లు వాడుకలో మల్దకల్ అయింది. సంస్కృతంలో ఆదిశిలా క్షేత్రమైంది. 'గురువిజయవిఠల' ముద్రతో కన్నడ కీర్తనలు రచించిన హరిదాసును నేటికీ మొదలకల్లు శేషదాసులనే స్మరిస్తారు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ సీమలో రెండు భాషలు ఒకే రాతిని తడిమి చూశాయన్నమాట.

మా ఇంట మూడు తరాలుగా తిమ్మప్పలున్నారు. మొన్న మా తమ్ముడి బిడ్డకు బారసాల జరిగినప్పుడు పెద్దలు ఆ పేరు ప్రస్తావిస్తే, "బడిలో పిల్లలు ఏడిపిస్తారు" అన్నారు. చివరకు వేంకటేశ్వరుడి సహస్రనామాలు వెదికి, పలకడానికి మాకే కష్టమైన మరో పేరు పెట్టారు. తల్లిదండ్రుల భయం అకారణమని అనలేను; ఏడిపించేవారు ఉంటారు. అయినా ఒక సందేహం నన్ను వీడటం లేదు. పేరున్న స్వామి అదే, కొండ అదే. తేడా అల్లా ఒకటి పండితుడి నాలుకపై నిలిచింది, మరొకటి గొల్లవాడి, రైతు నాలుకపై అరిగింది. అరిగిన మెట్టును చూసి ఎందరో ఎక్కి వెళ్ళారని గౌరవిస్తాం. అరిగిన పేరును చూసి మాత్రం ఎందుకు సిగ్గుపడతాం?

ఆ బిడ్డ పెద్దదై అడిగితే చెప్పడానికి ఈ నాలుగు ముక్కలు రాసి పెట్టుకుంటున్నాను. మీ ఇళ్ళలోనూ ఇలా అరిగి, అటక ఎక్కిన పేర్లుంటే ఒకసారి దించి చూడండి. ధూళి కింద ఏ కొండ ఉందో!