పెండ్లిచూపులలో మనము చూచునదేమి?

మా పాఠశాలలో పదవ తరగతి పిల్లలకు పాఠము చెప్పుచు, ప్రసంగవశమున నొకనాడు వివాహమును గూర్చిన సంస్కృత సుభాషిత మొకదాని భావము వివరించితిని. పెండ్లి కుదురునప్పుడు కన్య వరుని రూపము చూచును. తల్లి యతని ధనము చూచును. తండ్రి చదువు చూచును. బంధువులు కులము చూతురు. తక్కినవారికి కావలసినది విందుభోజనము మాత్రమే. పిల్లలు నవ్విరి, విందుభోజనము మాట వచ్చినప్పుడు మఱింత నవ్విరి. ఇరువది యేండ్లుగా నేనీ మాట చెప్పుచున్నాను. ఇరువది యేండ్లుగా పిల్ల లచ్చటనే నవ్వుచున్నారు. కాని యీసారి వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, “మాస్టారూ, అందరికీ ఏం కావాలో చెప్పారు గాని, పెళ్లికొడుక్కి ఏం కావాలో అందులో లేదేమండీ?” అని యడిగినది.

నిజమే. వరుని కోరిక యందులో లేదు. “మంచి ప్రశ్న” అని నేను గంట మ్రోగువఱకు కాలము గడిపితిని. సమాధానము తెలియనప్పుడు ప్రశ్నను మెచ్చుకొనుట మా వృత్తిలో పాత పద్ధతి. అయితే నాకు సమాధానము తెలియక కాదు. తెలిసియు నాలుగు గోడలలో చెప్పలేకపోయితిని. ఆ సమాధానమును చదువరుల యెదుట నుంచుటకే యీ వ్యాసము.

2007వ సంవత్సరమున, నాకు ఇరువదియాఱేండ్ల వయస్సున, తెనాలి దగ్గఱ నొక గ్రామమునకు పెండ్లిచూపులకు వెళ్లితిని. నాతో మా తల్లిదండ్రులు, పెద్దమ్మ, మధ్యవర్తి వచ్చిరి. జాతకములు ముందే చూపించి, పొంతన కుదిరినదని తేల్చుకొన్న పిదపనే బయలుదేరితిమి. ఈ మాట చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. వాకిట కుర్చీలు, లోపల చాప, పళ్లెములలో సున్నుండలు, జంతికలు, కాఫీ. అన్నియు యథావిధిగా జరిగినవి. పిల్ల వచ్చి కూర్చున్నది. పాట వచ్చునా యనిరి. పత్రిక చేతికిచ్చి నాలుగు పంక్తులు చదువు మనిరి; అది చదువు తెలిసికొనుటకు కాదు, కన్ను సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు. లోపలికి నడచి మంచినీళ్లు తెమ్మనిరి. అది దాహమునకు కాదు, నడక చూచుటకు. సంతలో ఎడ్లను కొనువాడు సైత మింత మర్యాదగా అబద్ధమాడడు.

ఆమె బి.ఇడి. చదువుచుండెను. వెళ్లబోవుచు తలయెత్తి నావైపు చూచి, “మీ బడిలో ఎంతమంది పిల్లలండీ?” అని యడిగినది. మూడువందల పైచిలుకని చెప్పితిని. “లెక్కల మాస్టారు ఉన్నారా?” అని మఱల నడిగినది. లేరంటిని. అంతే మా సంభాషణము. ఆ రెండు ప్రశ్నలు నాకు మిక్కిలి నచ్చినవి. నా జీతమెంతయని యడుగక, నా పనిని గూర్చి యడిగిన వారిని నేనంతకుముందు చూడలేదు.

తిరుగు ప్రయాణమున బస్సులో పెద్దమ్మ, “పిల్ల లక్షణంగానే ఉంది గాని, ఛాయ కాస్త తక్కువ” అన్నది. అమ్మ నిట్టూర్చినది. నాన్నగారు కిటికీలోనుండి పొలములు చూచుచుండిరి. నన్నెవరు నడుగలేదు, నేనును మాటాడలేదు. ఆ మౌనమే నా సమ్మతి యైనది. మధ్యవర్తి ద్వారా “జాతకములు కుదరలేదు” అని వర్తమానము పంపిరి. వరుని కేమి కావలయునని గదా ఆ బాలిక యడిగినది? తన కేమి కావలయునో తెలిసియు, పెద్దమ్మ నోట వచ్చిన మాటనే తన యిష్టమనుకొని బస్సు దిగినవాడు వరుడు. సుభాషితకర్త అతనిని లెక్కలోనికి తీసికొనకపోవుట న్యాయమే.

స్త్రీపురుషులు పరస్పరము దేనికి ఆకర్షితులగుదురన్న విషయమున పాశ్చాత్యశాస్త్రజ్ఞులు చాల పరిశ్రమ చేసిరి. 1989లో డేవిడ్ బస్ అను అమెరికా మనస్తత్త్వవేత్త 33 దేశములలో, 37 జనసముదాయములకు చెందిన 10,047 మందిని ప్రశ్నించి ఫలితములు ప్రకటించెను. పురుషులు రూపమునకును, వయస్సునందు చిన్నదనమునకును, స్త్రీలు సంపాదనశక్తికిని అధికముగా విలువనిచ్చిరని తేలినది. మనవారు ఈ మాటను మాత్రము పట్టుకొని, “చూచితివా, లోకమంతయు నింతే” అందురు. కాని అదే పరిశోధనలో దయాస్వభావము, బుద్ధి అను రెండు గుణములు ఉభయులకును రూపధనములకంటె పైమెట్టున నిలిచినవి. ఆ సంగతి యెవరును చెప్పరు.

స్త్రీలు ధనము నేల చూతురు? స్వయముగా సంపాదించు దారి మూసివేసి, అన్నమునకు భర్త చేతివైపు చూడవలసిన స్థితి కల్పించి, పిమ్మట “ఆడువారు ధనము చూతురు” అని నిందించుట, కాళ్లు కట్టివేసి నడువలేదని నవ్వుట వంటిది. ఆలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ అను నిరువురు పండితురాండ్రు 1999లో బస్ సేకరించిన విషయములనే మఱల పరిశీలించి, స్త్రీపురుషుల సమానత్వము హెచ్చుగా నున్న దేశములలో ఈ భేదములు తగ్గుచున్నవని వాదించిరి. వారితో నేకీభవింపని పండితులును కలరు. అయినను మన యిండ్లలో తాతమ్మ వరునియం దేమి చూచెనో, ఉద్యోగము చేయు మనుమరాలేమి చూచుచున్నదో పోల్చుకొన్నవారికి ఆ వాదమున కొంత సత్యమున్నదని తోపకమానదు.

మఱియొక పరిశోధన నన్నింకను ఆకర్షించినది. 2008లో ఈస్ట్‌విక్, ఫింకెల్ అను నిరువురు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థులను ముందుగా “మీకెట్టివారు కావలయును?” అని యడిగి వ్రాయించుకొని, పిమ్మట కొద్ది నిమిషముల చొప్పున ఒక్కొక్కరితో మాటాడనిచ్చిరి. ముందు వ్రాసిన కోరికలకును, ముఖాముఖి మాటాడిన పిదప నచ్చినవారికిని పెద్దగా పొంతన కనబడలేదు. అనగా మన కోరికల జాబితా యొకటి. మన మనస్సు మఱియొకటి. మనము జాబితాను చేతబట్టుకొని మనస్సును ఇంట వదలి పెండ్లిచూపులకు పోవుచున్నాము.

ఈ సంగతి కాళిదాసునకు తెలియును. కుమారసంభవమున పార్వతి రూపము శివుని కదల్పలేకపోయినది; ఆమె తన యందమును తానే నిందించుకొని తపమునకు పోయినది. అయిదవ సర్గమున మాఱువేషముతో వచ్చిన శివుడు తన్ను తానే దూషించుచు నేమనెను? కన్నులు వికృతము, పుట్టుక తెలియదు, కట్టుకొన బట్టయైనను లేదు. వరునియందు వెదకవలసినవానిలో ఒక్కటైన నున్నదా యని. రూపము, కులము, ధనము! మన మధ్యవర్తుల ప్రశ్నావళి యంతయు నందే యున్నది. పార్వతి ఆ జాబితాను ఖండించి, తుదకు తన మనస్సచ్చట నిలిచినదని చెప్పినది. ఆ ఘట్టమును తరగతిలో కన్నులు చెమ్మగిల్ల చెప్పగల నేను, తెనాలి బస్సులో ఒక్క వాక్యము చెప్పలేకపోయితిని. చదువు వేఱు, ధైర్యము వేఱు.

ఇక ఛాయ సంగతి. ద్రౌపదికి కృష్ణయని పేరు, రాముడు శ్యాముడు, కృష్ణుడు సరేసరి. వారిని పూజించు నింటనే కోడలు తెల్లగా నుండవలెను. 1975లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ యను క్రీము, తెలుపే యందమను పేరుతోనే నలువది యేండ్లకు పైగా ఇంటింటను నిలిచి, 2020లో గాని పేరు మార్చుకొనలేదు. ఆ యేడే షాదీ డాట్ కామ్ అను సంబంధముల సంస్థ శరీరచ్ఛాయను బట్టి వెదకు సౌకర్యమును తొలగించినది. యంత్రమునుండి తొలగించుట సులభము. పెద్దమ్మ నాలుకనుండి, ఆమె మాటకు తలయూపు మన మెడనుండి తొలగించు టెట్లు?

నేనీ విషయమును మఱచిపోయితిననియే యనుకొంటిని. 2019లో పదవ తరగతి జవాబుపత్రములు దిద్దుటకు గుంటూరు వెళ్లితిని. మధ్యాహ్నము భోజనముల వేళ చెట్టుక్రింద నిలుచుండగా, లెక్కల పత్రములు దిద్దుచున్న ఉపాధ్యాయిని యొకరు దగ్గఱకు వచ్చి, “మాస్టారూ, ఇప్పుడు మీ బడిలో ఎంతమంది పిల్లలండీ?” అని నవ్విరి. నా చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచిపోయినది. ఆమెకు వివాహమైనది, ఇద్దఱు పిల్లలు. కుశలప్రశ్నలైన పిదప ఆమె కోపము లేకుండ ఇట్లనిరి:

“మీ వాళ్లు జాతకాలు కుదరలేదన్నారు గదండీ. మా నాన్నగారు ఆ మాట నమ్మారు. మా జాతకంలోనే ఏదో దోషముందని మూడేళ్లు సిద్ధాంతుల చుట్టూ తిరిగారు. అప్పు చేసి శాంతి చేయించారు. ఛాయ తక్కువని చెప్పి ఉంటే నేను ఒక పూట ఏడ్చి ఊరుకునేదాన్ని.”

“జాతకాలు ముందే కుదిరాయండీ” అని మాత్ర మనగలిగితిని.

“నాకప్పుడే తెలుసు. నాన్నగారికే తెలియలేదు” అని ఆమె పత్రముల కట్టలవైపు వెళ్లిపోయిరి.

మర్యాదకొఱకు ఆడిన అబద్ధమునకు ఖరీదు ఎవరు చెల్లించిరో ఆనాడు తెలిసినది. కాదనుటలో తప్పులేదు, ఎవరికి నచ్చినవారిని వారు కోరుదురు. కాని మన కోరిక సిగ్గుపడవలసినదని మనకే తోచినప్పుడు, దానిని గ్రహములమీదికి నెట్టి తప్పించుకొనుట పిఱికితనము.

ఇంటికి వచ్చి నా భార్యతో ఈ కథయంతయు చెప్పి, 2008లో మేము చూపులకు వెళ్లినప్పుడు తాను నాయందేమి చూచినదని మొదటిసారి యడిగితిని. పదునొకండేండ్ల కాపురమున నాకీ ప్రశ్న తోపకపోవుటయే ఆశ్చర్యము. ఆమె, “మీ ముఖం నేను సరిగ్గా చూడనేలేదండీ, తల వంచుకోమని అమ్మ చెప్పింది. మా నాన్నమ్మ చేతిలో కాఫీ గ్లాసు జారి పడితే మీవాళ్లంతా బట్టలు సర్దుకొని వెనక్కి జరిగారు. మీరు లేచి గుడ్డ అందుకున్నారు. అది చూశాను” అన్నది. నేను సంతోషించుచుండగనే, “ఈ మధ్య గ్లాసు పడితే నన్ను పిలుస్తున్నారు” అని ముగించినది.

జాబితాల పిచ్చి పురుషులకే కలదని యనుటలేదు. నేడు ఆడపిల్లల తల్లిదండ్రులును జీతము, అమెరికా, సొంత యిల్లు అని కొలతలు చేతబట్టుకొని తిరుగుచున్నారు. గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శితమైన కాలమున కన్యకు వెల. కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ నాటికి వరునకు వెల. 1961లో వరకట్ననిషేధశాసనము వచ్చినను వెల పోలేదు, పేరు మాఱినది. వెల కట్టుచోట గుణము వెదకుట కష్టము. అంగడిలో వస్తువును పిండి చూతురు గాని, దానితో మాటాడరు.

గత మాసమున మా అక్కయ్య కుమారునికై విజయవాడ వెళ్లితిమి. అతడు హైదరాబాదున ఉద్యోగి. పిల్ల బ్యాంకులో పనిచేయుచున్నది. ఇరువురు మేడమీద అరగంట మాటాడుకొనిరి. తిరుగు దారిలో, కారు మంగళగిరి చేరకముందే అక్కయ్య, “పిల్ల బాగానే ఉంది గాని, ఛాయ కాస్త...” అని ఆగినది. మేనల్లుడు కిటికీలోనుండి చూచుచుండెను. ఆ మౌనము నాకు చిరపరిచితము. కారాపించి, తేనీటి దుకాణము దగ్గఱ అందఱిని కూర్చుండబెట్టి, 2007 నాటి కథ, గుంటూరు చెట్టుక్రింది కథ దాచక చెప్పితిని. అక్కయ్య కన్నులు దించుకొన్నది. పెద్దమ్మ ఆమెకును పెద్దమ్మయే గదా.

“నీకేమనిపించిందిరా? అమ్మ మాట కాదు, నీ మాట చెప్పు” అంటిని.

అతడు కొంతసేపాగి, “ఆ అమ్మాయితో మాట్లాడుతున్నంతసేపూ ఫోను తీసి చూడాలనిపించలేదు మామయ్యా” అన్నాడు.

ఈ కాలపు యువకుని నోట ఇంతకంటె గొప్ప ప్రశంస నేను వినలేదు. ఆ రాత్రియే పిల్ల తండ్రికి ఫోను చేసి మాకు సమ్మతమని చెప్పితిని. రెండు దినములకు వారు, “మా అమ్మాయి ఇంకా నిర్ణయించుకోలేదండీ, ఇంకొకసారి మాట్లాడాలంటోంది” అనిరి.

అక్కయ్య మండిపడినది. “మనం సరేనన్నాక వాళ్లు ఆలోచించుకోవడమేమిట్రా?”

“ఆమె కూడా చూడాలి గదా, అక్కయ్యా” అంటిని.

ఇది వ్రాయుచున్న నాటికి ఆ యింటినుండి కబురు రాలేదు. మేనల్లుడు దినమునకు రెండుమార్లు నన్నడుగుచున్నాడు. ఎదురుచూచు వంతు మగపిల్లవానిది కావడము మా వంశమున నిదే మొదటిసారి.