వెలగకూడని బల్బు

ఆ పికప్పు తెల్లదో, లేత నీలందో ఇప్పుడు మా ఇంట్లో ఎవరం గట్టిగా చెప్పలేం. అమ్మ తెలుపంటుంది. నాకు నీలం గుర్తు. వాసన దగ్గర మాత్రం పేచీ లేదు. డీజిలు, అరటి పసరు, తడి గోనెసంచులు. కొన్ని పొద్దుటిపూటలు వీటన్నిటి కింద సన్నగా కాలిన ప్లాస్టిక్కు వాసన కూడా వచ్చేది. దాన్ని నెలల తరబడి పీల్చాం, ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరం వెతకలేదు.

నాన్నగారు దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. వానపల్లి, వాడపాలెం వైపు తోటల్లో గెలలు ఎత్తి రావులపాలెం అరటి మార్కెట్టుకి తోలడం మా పని. తెల్లారేసరికి అక్కడ గెలలు దించాలి, లేకపోతే మంచి బేరం దాటిపోతుంది. అలాంటి వేళ తాళం తిప్పితే లోపల ఒక్క ‘టక్’. అంతే. హారన్ మోగుతుంది, లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం తిరగదు. నలుగురం తోస్తే సెకండ్ గేరులో అందుకునేది. పాతకాలపు డీజిలు ఇంజను, పంపు కూడా మామూలుదే. ఒకసారి అందుకుందంటే బ్యాటరీతో దానికి పని లేదు. అందుకే నాన్నగారు మార్కెట్లో గెలలు దింపుతున్నంతసేపూ ఇంజను ఆపేవారు కాదు.

మర్నాడు ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మనుషుల్ని తినేసేది అదే. పూర్తిగా చెడితే విప్పి బాగుచేయించుకుంటాం. అప్పుడప్పుడూ చెడేదాన్ని షాపుకి తీసుకెళ్తే, అక్కడ తాళం తిప్పగానే లేచేది. ఒక షాపులో కొత్త బ్యాటరీ వేశారు. ఇంకో షాపులో సెల్ఫ్ దింపి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు మార్చారు. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ టక్. మధ్యలో ఎక్సలేటరు తీగ బిగుసుకుపోతే అదీ మార్చాం. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరు అనుకుంటారు? బండికి శని పట్టిందని అమ్మ పోరితే నాన్నగారు ఒక శనివారం మందపల్లి వెళ్లి శనీశ్వరుడికి తైలాభిషేకం కూడా చేయించి వచ్చారు.

ఓసారి మా ఊళ్లోని వుడయార్ గారి శిల్పశాల నుంచి విగ్రహం కిరాయి వచ్చింది. గడ్డీ దుప్పట్లూ చుట్టి కట్టడంతో లోపల ఎవరున్నారో నాకు కనబడలేదు, తర్వాత తెలిసినా ఇప్పుడు గుర్తు లేదు. సగం దారిలో టీకి ఆపి మళ్లీ తాళం తిప్పితే లేవలేదు. విగ్రహం కదులుతుందని తోయడానికి భయం. నాన్నగారు స్టీరింగు పట్టుకుని అలా కూర్చుండిపోయారు. నేనెప్పుడూ చూడని ముఖం అది. ఎలా కదిలామో, ఎవరు సాయం పట్టారో ఎంత తలుచుకున్నా రావడం లేదు.

2013 అక్టోబరు. రాష్ట్ర విభజన వద్దంటూ సమ్మె, ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సులు లేవు. కాలేజీ మూతపడి నేను ఇంటి దగ్గరే ఉన్నాను. సెంటర్లో సమైక్యాంధ్ర శిబిరం. తెలంగాణకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న ఆ వారంలోనే కరెంటు ఉద్యోగులు కూడా సమ్మెకి దిగారు, ఊళ్లు చీకటైపోయాయి. బ్యాటరీ ఛార్జింగుకి పెట్టే దారి కూడా లేదు. అప్పుడు ఎవరో చెబితే పలివెల వైపు నుంచి ఒక మేస్త్రీగారిని పిలిచాం. పాత లారీల కరెంటు పని చేసి మానేసిన పెద్దాయన. తాళం తిప్పితే బండి లేచింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

“బాగున్నప్పుడు నేనేం చూడనండీ? లేవనప్పుడు కబురెట్టండి. నేనొచ్చేదాకా మాత్రం తోయకండేం,” అన్నారు.

ఒకటి రెండు రోజులకి కబురు వెళ్లింది. ఇంకా తెల్లారలేదు. ఆయన నన్ను బండి ముందు నిలబెట్టి, హెడ్‌లైట్లు వేయించి, “అబ్బాయ్, మీ నాన్నగారు తాళం తిప్పినప్పుడు లైట్లు గుడ్డివవుతున్నాయా చూడు,” అన్నారు. వీధిలో అవి తప్ప వెలుతురే లేదు. టక్ అంది. లైట్లు అలాగే ఉన్నాయి. బ్యాటరీ నీరసంగా ఉంటే లైట్లు వాలిపోవాలట. వాలలేదంటే బ్యాటరీలో దమ్ముంది, కరెంటు సెల్ఫ్ గుండా పోలేకపోతోంది.

తర్వాత రెండు వైర్లు అతికిన చిన్న బల్బు తీశారు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజను బాడీకి. అదీ ఇదీ ఒకటే ఎర్త్ కనక ఆ బల్బు వెలగకూడదు. నాన్నగారు తాళం తిప్పగానే భగ్గున వెలిగింది. ఆ చిన్న వెలుతురులో మేస్త్రీగారి ముఖం ఇప్పటికీ చూడగలను. నవ్వలేదు. “ఇంజనుకి ఎర్త్ లేదండీ,” అన్నారంతే.

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. అందుకే దానికీ ఛాసిస్‌కీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. కిందికి దూరి విప్పితే పైకి బాగానే ఉంది, మరమేకు కింద పచ్చటి చిలుము. లోపలి పోగులు చాలా తెగి ఉన్నాయి. హెడ్‌లైట్ల కరెంటు ఈ పట్టీ మీదుగా పోనే పోదు, అందుకే అవి మామూలుగా వెలిగేవి. సెల్ఫ్‌కి వందల ఆంపియర్లు కావాలి, అదంతా ఇటే తిరిగిరావాలి. బండిని తోసినప్పుడూ సెల్ఫ్ దింపినప్పుడూ ఇంజను కాస్త కదిలి పోగులు మళ్లీ తగిలేవి, బాగైందనుకునేవాళ్లం. తగలని పూట కరెంటు దారి వెతుక్కుంటూ ఇంజను నుంచి ఎక్సలేటరు తీగ మీదుగా పోయేది. సన్నటి తీగ వేడెక్కి తొడుగు కాలేది. ఆ వాసన అదే. ఆ తీగ బిగుసుకుపోయిందీ అందుకే. గెలల నుంచి కారే నీరు ఏళ్ల తరబడి పట్టీ మీద పడి చిలుము పట్టిందని ఆయన లెక్క.

బంద్‌కి షాపులు మూసేశారు. లావుపాటి పాత బ్యాటరీ వైరు ముక్క కోసి, రంగు పోయి ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశారు. సెల్ఫ్ తిరిగిన తీరుకి నాన్నగారే ఉలిక్కిపడ్డారు. కొత్త బ్యాటరీ అంటగట్టిన షాపు మీదికి అప్పుడే వెళ్తానన్నారు. మేస్త్రీగారు ఆపారు. “ఆయనకి బ్యాటరీ చూడమని చెప్పారు, ఆయన బ్యాటరీయే చూశాడండీ. మీ బండి ఆ షాపులో ఒక్కసారైనా చెడిందా?”

ఆ పని ఎక్కడ నేర్చుకున్నారని ఆయన్ని అడగాలని అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు ఆయన లేరు. ఈనాటి బళ్లకి స్కానరు తగిలిస్తే లోపం పేరు తెర మీద వస్తుంది, మంచిదే. చిలుము పట్టిన మరమేకు ఏదో మాత్రం ఇప్పటికీ మనిషే కిందికి దూరి చూడాలి.

కొన్నేళ్లకి ఆ పికప్పు అమ్మేశాం. కొనడానికి వచ్చినాయన్ని నాన్నగారు ముందు బండి కింద పడుకోబెట్టి ఆ వైరు చూపించారు. ఏటా వానలకి ముందు దీన్ని విప్పి రుద్దించుకోమని చెప్పారు. ధర మాట ఆ తర్వాతే ఎత్తారు.